మబ్బు పట్టిన గ్లాసు

అనంతపురం మండీలో నా పని కాయను చూడటం.
మచ్చ ఉందా, మంగు ఉందా,
ఒకవైపు ఎండ కాల్చిందా,
చేతిలో ఒక్కసారి తిప్పితే చాలు.
బాగుంటే ఢిల్లీ లారీకి,
లేకుంటే నా కాళ్ళ దగ్గరి కుప్పకి.
సాయంత్రం ఆ కుప్పలోంచి
ఏడెనిమిది చీనీకాయలు కొంగులో కట్టుకుంటే
సెట్టి చూసీ చూడనట్టు ఉంటాడు.
టన్నుకు ఇంత అని సూటు తీసేవాడికి
నా కొంగు ఒక లెక్కా?

మే నెల. రుద్రంపేటలో మా రేకుల ఇల్లు.
మధ్యాహ్నం రెండింటికి
పొయ్యి కూడా నన్ను వెలిగించొద్దంటుంది.
అయినా మామకు టీ కావాలి.
అన్నం ఆలస్యమైనా అడగడు పెన్నోబులేసు,
టీ ఆలస్యమైతే
మంచం కోడు మీద వేళ్ళతో దరువేస్తాడు.

ఈరోజు చల్ల టీ అన్నాను.
"ఆరిపోయిన టీ ఎవరన్నా తాగుతారామ్మే?"
"ఆరిపోయింది వేరు మామా, ఆర్చింది వేరు."

నీళ్ళు తెర్లినాక దించి, అప్పుడు వేశాను పొడి.
పొయ్యి మీదే ఉడికిస్తే ఒగరు.
నూరు లెక్కపెట్టమంటే మా చిన్నది
డెబ్బై నుంచి తొంభైకి దూకింది,
ఆ ఇరవై నేను లెక్కపెట్టాను.
చీనీ దగ్గర మాత్రం తొందర పనికిరాదు:
గింజ ఒక్కటి నలిగినా చేదు,
తెల్లతోలు గోరంత పడినా చేదు.
రసం పిండి, వడగట్టి, చక్కెర కలిపి
పగిలిన బకెట్లో పెరిగే పుదీనా రెండు రెబ్బలు తుంచాను.

ఐసుకు పోయిన నా మొగుడు కుళ్ళాయప్ప
తువ్వాల్లో గడ్డ చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.
వచ్చేసరికి అరగడ్డ, తడిసిన చొక్కా.
"మిగతాది రోడ్డు తాగింది" అన్నాడు.
అదీ కరిగిపోతుందేమోనని
ఆరకముందే పోసేశాను డికాక్షను.

అద్దంలా ఉండాల్సిన గ్లాసులో
అడుగు నుంచి పొగ లేచినట్టు
మబ్బు.

వేడిది ఐసు మీద పడితే అంతే, నాకు తెలుసు.
మందూ తెలుసు:
ఒక గరిటె తెర్లే నీళ్ళు పోస్తే తేటపడుతుంది.
గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.

ఇంకో భయం ఉంది నాకు.
మామ చీనీకాయ ముట్టి తొమ్మిదేళ్ళు.
నార్పల దగ్గర నాలుగెకరాల తోట ఉండేది.
ఐదో బోరులో దుమ్ము లేచిన ఏడు
ట్యాంకర్లు తోలీ తోలీ
చివరికి రంపం మిషన్ను పిలిచాడు.
పన్నెండేళ్ళ చెట్లు
కట్టెల లెక్కన తూకానికి పోయాయి.
అప్పటి నుంచి ఇంట్లోకి కాయ వస్తే
ఆయన మొహం గోడవైపు.
రసం దేనిదో నేను చెప్పలేదు,
వాసన చెప్పేసింది.

గ్లాసు అందుకున్నాడు. తాగలేదు.
వాకిలి వెలుతురుకి ఎత్తి
ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు,
మండీలో నేను కాయను చూసినట్టు.
"మబ్బు పట్టింది గదమ్మే."
"ఉండు మామా, వేడినీళ్ళు పోస్తా, విడిపోతుంది."
అరచేత్తో గ్లాసు మూసేశాడు.
"పట్టిందాన్ని నువ్వెందుకు తోలేది?"

గుక్క గుక్కకీ ఆగి తాగాడు.
ఎండకి రేకులు టపటపమంటున్నాయి,
చినుకులేమో అని ఎవరమూ అనలేదు.

"పులుపు చాల్లేదు" అన్నాడు కాసేపటికి,
"కోత తొందరపడినారు ఎవరో."

చిన్నది పీటమీది గింజలు ఏరి
గుప్పిట్లో పట్టుకొచ్చింది, నాటుదామని.
"గింజతో రాదు పాపా చీనీ.
రంగపూర్ నిమ్మ మొక్క మీద అంటు కట్టాల."
"అంటు అంటే?"

దరువేసే ఆ వేళ్ళే
గ్లాసులోని పుదీనా కాడ బయటికి తీశాయి.
గోటితో దాని మీద
చిన్నగా, నిలువునా, ఒక గాటు పెట్టి
"ఇదిగో, ఇట్ల" అన్నాడు.